వెనక రెక్క రంగు

లైబ్రరీ మెట్ల దారిలో నిచ్చెన ఎక్కీ ఎక్కగానే పెయింటరుకు ఒళ్లు జల్లుమంది. గీకుడు రేకు చేతిలోనే ఉంది. ఇంకో జానెడు లాగి ఉంటే పాత లప్పం పెచ్చుతో పాటు అదీ రాలిపోయేది. బూడిదరంగు గోడ మీద బూడిదరంగు చిమ్మట, అరచేతిలో సగం ఉంటుంది. సీతాకోకచిలుకకు పేద చుట్టంలాంటి ఈ పురుగులు రాత్రి దీపానికి వచ్చి, తెల్లారేసరికి ఏ గోడకో అతుక్కుని కునుకు తీస్తాయని లోకానికి తెలుసు. వాటి మొహం వంక చూసే తీరిక మాత్రం లోకానికి లేదు. పెయింటరుకు ఉంది.

"ఏమే, ఎక్కడిదక్కడ ఆపు" అన్నాడు గొంతు తగ్గించి.

కింద రంగు కలుపుతున్న భార్య తల కూడా ఎత్తలేదు. ఇద్దరూ కలిసే పని చేస్తారు. నిచ్చెన పని, చూపు ఆయనవి. కలపడం, అంచులు తీర్చడం ఆవిడవి. మాటల వాటా కూడా ఆవిడదే.

"మళ్లీ పురుగేనా? పన్నెండింటికల్లా గోడ అయిపోవాలని లైబ్రేరియన్ మేడం పొద్దున్నుంచీ చెవిలో జోరీగలా చెబుతోంది. నీ పురుగుగారు నిద్ర లేచి, మొహం కడుక్కుని వెళ్లేదాకా నన్ను కూర్చోమంటావా?"

ఆయన అప్పటికే ఫోటో తీసేశాడు. తీసి, 'చిమ్మట చుట్టాలు' అనే గ్రూపులో పెట్టేశాడు.

ఆ గ్రూపు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మూడేళ్ల కిందట ఒక ఆస్పత్రిలో వార్డుకు రంగు వేస్తుంటే, గోడ మీది పురుగును చంపకుండా కాగితం మీదికి ఎక్కించి కిటికీలోంచి వదిలిపెట్టాడు. అది చూసిన నర్సు ఆయన్ని ఆ గ్రూపులో చేర్చింది. రెండు వందల పైచిలుకు మంది ఉంటారు. ఎవరి ఊరు వారిది, ఎవరి పని వారిది, పిచ్చి మాత్రం అందరిదీ ఒకటే. ఈయన ఫోటోలన్నీ నిచ్చెన మీంచి తీసినవే కాబట్టి 'నిచ్చెన మామ' అని పేరు పెట్టారు. పాతికేళ్లుగా ఆయన వేల గోడలకు రంగు వేశాడు. "ఈ గోడకు ఏ రంగు బాగుంటుందయ్యా?" అని అడిగిన ఇంటివాడు ఒక్కడూ లేడు. గ్రూపులో మాత్రం వారం తిరక్కుండా ఎవరో ఒకరు అడుగుతారు, "మామా, ఈ రెక్క ఏ రంగంటావు?" అని. ఆయన రంగులకు నంబర్లు వేసి ఉండే తన షేడ్ కార్డు తీసి, "మూడు వందల ఎనిమిది, కొంచెం మసి కలిసింది" అని చెబుతాడు. చెప్పిన రోజున అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్య కనిపెట్టింది.

ఫోటో పెట్టి నిమిషం కాలేదు, ఫోను మోగింది. గ్రూపులో చిమ్మటల జాబితా రాసే పంతులమ్మ. సైన్సు పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, వేళాకోళం తెలియని మనిషి.

"మామగారూ, కదలకండి. దాన్ని ముట్టుకోకండి. ఎవరినీ ముట్టుకోనివ్వకండి" అంది. "పై రెక్కల మీద ఆ మెలిక గీత చూశారా? ఆ గీత రెండు రకాలకే ఉంటుంది. మొదటిది ఎక్కడైనా దొరుకుతుంది. రెండోది ఈ చుట్టుపక్కల కనబడి ముప్పై ఒక్క ఏళ్లయింది. ఇక లేదనే అనుకుంటున్నాం."

"తేడా ఎలా తెలుస్తుందమ్మా?"

"వెనక రెక్కలు. మామూలుదానికి నారింజ రంగు. రెండోదానికి అదే నారింజలో ఇటుక ఛాయ. ఆ రెక్కలు ఇప్పుడు పైవాటి కింద దాచుకుని ఉంటుంది. ఒంటికి ఏదైనా తగిలితే ఒక్కసారి విప్పి చూపించి ఎగిరిపోతుంది. మీకు ఒక్క అవకాశమే. వీడియో తీయండి. ఫోటో గానీ వీడియో గానీ లేకపోతే జాబితాలోకి ఎక్కించను, నియమం మీకు తెలుసు."

పెయింటరు రెండో చేత్తో నిచ్చెన పట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు! ఆయన పెళ్లి కంటే పాత కబురు. గ్రూపంతా మేలుకుంది. "మామా, ఊపిరి మెల్లగా వదులు" అని ఒకరు. "నిచ్చెన గట్టిగా ఉందా?" అని నర్సు. "నేను డ్యూటీలో ఉన్నా, ఎవరూ నాకు చెప్పకుండా ఎగరేయకండి" అని లారీ డ్రైవరు. పక్క ఊళ్లో పేషెంట్లకు పళ్లు పీకుతూ మిగిలిన కాలమంతా ఫోటోలు తీసే డెంటిస్టు ఒకాయన, మోచేతి పొడవు కెమెరా ఉన్నాయన, "వీడియో అడ్డంగా తీయండి, నిలువుగా కాదు" అన్నాడు.

ఈ హడావుడికి లైబ్రేరియన్ మేడం గదిలోంచి కందగడ్డలా మొహం పెట్టుకుని వచ్చింది. గోడ చూసింది, గడియారం చూసింది, నోరు తెరిచింది. పెయింటరు భార్య వేలు పెదాల మీద పెట్టి, "ముప్పై ఏళ్ల తరవాత వచ్చిందట మేడం" అని గుసగుసగా చెప్పింది. చెప్పాక తానెందుకు గుసగుసలాడుతోందో ఆవిడకే అర్థం కాలేదు. మేడం తెరిచిన నోరు మూసుకుని రెండు మెట్లు పైకెక్కి నిలబడింది.

భార్య ఫోను పట్టుకుంది, అడ్డంగా. పెయింటరు అన్నిటికంటే మెత్తని బ్రష్షు తీసుకుని అందులో ఒక్క వెంట్రుకను విడదీశాడు. ఒకటి, రెండు, మూడు అని పెదాలతోనే లెక్కపెట్టి, ఆ వెంట్రుకను చిమ్మట వీపుకు ఆనించాడు.

సరిగ్గా అప్పుడే మేడంగారికి సాయం చేయాలని బుద్ధి పుట్టింది. వెలుతురు చాలదేమోనని కిటికీ తెరను సర్రున లాగింది.

బూడిద రెక్కలు విడిపోయాయి. కింద దాగిన రంగు భగ్గుమని వెలిగి, పెయింటరు చెవి పక్కనుంచి కిటికీ దాటి పోయింది. కళ్లారా చూశాడాయన. అంత దగ్గరగా, అంత నిండుగా తన జన్మలో ఏ రంగునూ చూడలేదనుకున్నాడు.

"అదే! రెండోదే!" అని గ్రూపులోకి వాయిస్ మెసేజీలో అరిచాడు.

వీడియో చూస్తే ఏముంది, కిటికీ ఎండ కెమెరా మీద పడి తెరంతా తెల్లగా సున్నం కొట్టినట్టుంది. ఆ తెలుపులో ఏదో నీడ కదిలింది, అంతే. మేడం తల పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

గ్రూపులో ముందుగా డెంటిస్టు రాశాడు. "మామా, మీ మీద నమ్మకం లేక కాదు. రెండు రంగులకూ తేడా వీసమెత్తు. కనబడింది అర నిమిషం కూడా కాదు, రెప్పపాటు. ఎవరి కన్నయినా మోసపోవచ్చు." పంతులమ్మ కూడా మెల్లగా చెప్పింది. "కిందటేడు ఇలాగే ఇంకొకరిని కాదన్నాను. మీకోసం నియమం మారిస్తే వారికి ఏం సమాధానం చెప్పను?"

వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. తప్పుంటే తిట్టుకుని ఊరుకునేవాడు. ఉత్సాహమంతా నీరుగారిపోయి నిచ్చెన దిగాడు. చిమ్మట జాబితాకెక్కకపోతే పోయె. తన కన్ను మీద మాట పడింది. తన మాటకు విలువ ఉన్న చోటు ఈ భూమ్మీద అదొక్కటే. రేపు ఎవరైనా "మామా, ఇది ఏ రంగు?" అని అడుగుతారా? అడిగినా మునుపటిలా నమ్ముతారా?

"ఏ రంగు చూశావు?" అంది భార్య.

"ఎందుకులే."

"అడిగినదానికి చెప్పు."

"కార్డులో లేదు. నాలుగు వందల పదహారుకీ పదిహేడుకీ మధ్యన ఉంది."

"కార్డులో లేకపోతే కలుపుదాం" అంది ఆవిడ, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటూ. "ఇన్నేళ్లుగా ఎవరెవరి గోడల రంగులో చూసి వచ్చి ఇంట్లో చెబుతావు, నేను కలుపుతాను. మర్నాడు గోడ మీద అతుకు తెలిసిందని ఒక్కరైనా అన్నారా? చెక్క ముక్క తీసుకురా."

పెయింటరు ఆవిడ వంక అలాగే చూశాడు. మూడేళ్లుగా ఆ గ్రూపును పురుగుల సంత అని వెక్కిరించిన మనిషి.

గ్రూపులో ఒక్క ముక్క రాశాడు: "ఆ రంగు కలుపుతున్నాం." అంతే, మళ్లీ అందరికీ ఊపిరి వచ్చింది. పంతులమ్మ వెంటనే ఫోను చేసింది. "ఆ రెండో రకం చిమ్మట ఒకటి మా ఊరి మ్యూజియంలో చీకటి పెట్టెలో భద్రంగా ఉంది, రంగు వెలవలేదు. మీ చెక్క నా చేతికి వస్తే పక్కపక్కన పెట్టి నా కళ్లతో చూస్తాను. రంగు అచ్చంగా కలిస్తే అదీ ఫోటోలాంటి ఆధారమే, ఎవరు తెచ్చినా ఒప్పుకుంటాను. మీరు ఆ పెట్టె ఎప్పుడూ చూడలేదు కదా?"

"ఆ మ్యూజియానికి బయటి గోడ నేనే వేశానమ్మా. లోపలికి వెళ్లలేదు."

"అయితే త్వరగా పంపండి" అంది ఆవిడ.

మొదటి ముక్క మీద పసుపు ఎక్కువైంది. రెండోది బాగా ఎర్రబడింది. భార్య చుక్క చుక్కగా స్టెయినరు చిక్కరంగు వేస్తూ కలుపుతుంటే, ఆయన కళ్లు మూసుకుని తెరిచి, "ఇంకా లోపలికి" అంటాడు. లోపలికంటే ఏమిటో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. నాలుగోదాన్ని చూసి మేడం, "ఇదే కదా, ఎంత బాగుందో" అంది. "తడి మీద ఇలాగే ఉంటుందండీ, ఆరితే చిక్కబడుతుంది" అని పెయింటరు భార్య దాన్ని పక్కన పడేసింది. తెర లాగిన పాపానికి మేడం పన్నెండు గంటల మాట పూర్తిగా మరిచిపోయింది. మరిచిపోవడమే కాదు, ఖాళీగా ఉండలేక రోలరు అందుకుని మెట్ల గోడ కింది భాగానికి తానే వేయడం మొదలుపెట్టింది. ఆ గోడకు తరవాత మరో పూత వేయాల్సి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఏడో ముక్క ఆరేసరికి మూడయింది. పెయింటరు దాన్ని తీసుకుని నిచ్చెన ఎక్కి, చిమ్మట కూర్చున్న చోట గోడకు ఆనించి చూశాడు. దిగాడు. తల ఊపాడు.

"వచ్చిందా?" అంది భార్య.

"వచ్చిందే."

ఫోను తీస్తే లారీ డ్రైవరు సందేశం రెండు గంటలుగా అక్కడే ఉంది. "పంతులమ్మగారి ఊరు నా దారిలోనే. చెక్క ఎక్కడుందో చెప్పండి, వచ్చి పట్టుకెళ్తా." నాలుగింటికి లైబ్రరీ ముందు లారీ ఆగింది. మూడేళ్లుగా రోజూ మాట్లాడుకుంటున్న ఇద్దరు మనుషులు మొదటిసారి ఎదురుపడ్డారు. గట్టిగా కావలించుకున్నారు. డ్రైవరు చొక్కాకు రంగంటింది. "ఉండనీ మామా, బాగుంది" అన్నాడాయన. ఆ చెక్కను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని సీటు పక్కన పెట్టుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి మొగుడూపెళ్లాలిద్దరూ అదే మెట్ల మీద, పని ఆపేసి, ఒక ఫోను మీదికి రెండు తలలు వంచి కూర్చున్నారు. మేడం వెనక నిలబడింది. గ్రూపంతా వింటోంది. మ్యూజియంలో సొరుగు లాగిన చప్పుడు వినబడింది. పెట్టె మూత తీసిన చప్పుడు కూడా.

"ఫోనులో మీకు రంగు తెలియదు. అందుకని నేను చూసిందే చెబుతాను" అంది పంతులమ్మ. "మామూలు రకం వెనక రెక్క పక్కన పెట్టాను. కలవలేదు. తేడా స్పష్టంగా ఉంది. ఇప్పుడు రెండోదాని పక్కన పెడుతున్నాను."

తరవాత ఆవిడ గొంతు వినబడలేదు. పెయింటరు మోకాళ్లు రెండు చేతులతో పట్టుకున్నాడు. భార్య వేళ్లు ఆయన మోచేతిలో దిగబడ్డాయి.

"అమ్మా?" అన్నాడు.

"ఉండండి, అద్దాలు తుడుచుకుంటున్నా" అంది ఆవిడ. ఆ గొంతు పాఠం చెప్పే గొంతులా లేదు. "రెక్క అంచు ఎక్కడ అయిపోయిందో, మీ రంగు ఎక్కడ మొదలైందో నాకు తెలియట్లేదు మామగారూ. ఇక్కడ మ్యూజియం ఆయన కూడా వెతుకుతున్నారు. ఆయనకూ తెలియట్లేదు."

గ్రూపు గ్రూపంతా ఒక్కసారిగా విరుచుకుపడింది. నర్సు వార్డులోనే గెంతిందట, పేషెంట్లు కంగారుపడ్డారట. లారీ డ్రైవరు ఎక్కడో రోడ్డు పక్కన ఆగి పెద్ద హారను కొట్టి వినిపించాడు. పెయింటరు మాత్రం తల వంచుకున్నాడు. ఏడుస్తున్నాడని భార్య కనిపెట్టి, మేడంకు కనబడకుండా కాస్త ముందుకు జరిగి కూర్చుంది.

జాబితాలో పంతులమ్మ రాసిన వరుస కాసేపటికి వచ్చింది. భార్య పైకి చదివింది. "ముప్పై ఒక్క ఏళ్ల తరవాత. లైబ్రరీ మెట్ల గోడ. ఆధారం: రంగు వేసిన చెక్క. చూసినవారు: పెయింటరు. రంగు కలిపినవారు: ఆయన భార్య." చివరి మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది.

దాని కింద డెంటిస్టు ఏమంటాడోనని ఇద్దరూ చూస్తూనే ఉన్నారు. గంట దాకా ఆయన ఏమీ రాయలేదు. అలిగాడేమోనని పెయింటరుకు దిగులేసింది కూడా. బ్రష్షు ముంచి మళ్లీ నిచ్చెన ఎక్కాడు. అప్పుడొచ్చింది ఆయన సందేశం.

"మామా, మా క్లినిక్కు వెనక గోడ మీద ఇప్పుడే ఒకటి కనబడింది. మెలిక గీత ఉంది. కెమెరా లోపల బీరువాలో పెట్టి తాళం వేశాను. మీరు వచ్చి చూసేదాకా ముట్టుకోను, ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఎంతసేపట్లో రాగలరు?"

పెయింటరు అది చదివి కిందికి చూసేసరికి, భార్య స్టెయినరు సీసాలు సంచీలో సర్దేసుకుని, చెక్క ముక్కలు చంకన పెట్టుకుని, "దిగు దిగు, అది ఎగిరిపోతుంది" అంటోంది.