బోటు ముక్కు మీద పరుపులు

వదిన స్వయంగా ఫోను చేయలేదు. చేస్తే చిన్నతనం. ఆడపడుచును రేవుకు రమ్మని మొగుడి చేత చేయించింది.

ఆడపడుచు సీట్లు కుట్టే మనిషి. కార్లవీ, బస్సులవీ, ఆసుపత్రి బల్లలవీ కుడుతుంది. వదిన మోటారు బోటు ముందు భాగంలో జనం పడుకుని ఎండ కాచుకునే మూడు తెల్ల పరుపులు కూడా రెండేళ్ల కిందట ఆమె కుట్టినవే.

"చూడు నీ పనితనం," అంది వదిన, చెప్పుకాలితో పరుపు అంచును తోస్తూ. "కుట్లన్నీ నోళ్లు తెరిచాయి. నిన్న ఒకావిడ లేచేసరికి వీపంతా నల్ల మచ్చలు. పరువు పోయింది."

"కుట్టు ఊడలేదు వదినా. దారం ఎండకి పొడైపోయింది. నీళ్లు దిగి లోపల బూజు పట్టింది. వాడటం అయ్యాక ముసుగు కప్పమన్నానా లేదా?"

"శవానికి కప్పినట్టు ఉంటుంది. నాకు పాఠాలు చెప్పకుండా పైన కొత్త రెగ్జిన్ లాగేసి వెళ్లు. శనివారం జనం వస్తున్నారు."

ఆడపడుచు కత్తెరతో ఒక పరుపు అడుగు చీల్చింది. ఫోమ్ పట్టుకుని పిండితే నల్లటి నీళ్లు కారాయి. వదిన ముక్కు మూసుకుంది. మూసుకునే అరిచింది: "నిన్నెవరు చీల్చమన్నారు?"

అన్నయ్య ఇంజను గదిలో ఉన్నాడు. వీళ్లిద్దరూ ఒకచోట చేరితే అతనికి అక్కడ ఎప్పుడూ ఏదో ఒక పని దొరుకుతుంది.

చీల్చిన పరుపు పక్కకు లాగి, రెండోది తీయడానికి ఆమె దాని కింది చెక్క పలక మీద అడుగు వేసింది. పలక ఫెళ్లున విరిగి కాలు మోకాలి దాకా దిగబడింది.

"అయ్యో, నా బోటు!" అంది వదిన.

ఆడపడుచుకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండింది. "ఇక్కడ విరిగింది నా కాలేమో చూడు ముందు!"

"నీ బరువుకి ఏదైనా విరుగుతుంది."

చప్పుడు విని అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. చెక్క ముక్కలు విరిచి కాలు పైకి తీశాడు. పిక్క మీద జానెడు గాయం. చొక్కా విప్పి కట్టు కట్టి, భార్య వైపు తిరిగాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో అతను ఆమె మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

"పలక కుళ్లిందని పోయినేడాదే చెప్పాను. పరుపు వేస్తే కనపడదులే అన్నావు. ఇవాళ చెల్లి కాబట్టి సరిపోయింది. శనివారం ఎవరి పిల్లో దిగబడితే?"

"నేనైతే సరిపోయిందా అన్నయ్యా?" అంది చెల్లెలు పళ్లు బిగించి.

వదిన ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా తగ్గలేదు. "ఇంకెవరినైనా పెట్టి చేయించుకుంటాను."

"ఈ పని ఎవరికీ ఇవ్వను," అంది ఆడపడుచు. "నా కుట్టు ఊడిందని నువ్వు ఊరంతా టాంటాం వేస్తావు. నేనే చేస్తాను, నేను చెప్పినట్టే చేస్తాను."

శనివారం జనాన్ని అన్నయ్యే రావద్దన్నాడు. కాలికి ఏడు కుట్లు పడ్డాయి. అవి విప్పకముందే ఆమె పనిలో దిగింది. కొత్త పలకకు నీళ్లు పోయే రంధ్రాలు వేయించింది, పరుపుల కింద గాలి ఆడే జాలీ పరిచింది, నీళ్లు నిలవని ఫోమ్ పెట్టి, ఎండకు చెడని దారంతో కుట్టింది. వదిన రోజూ వచ్చి చేతులు కట్టుకుని నిలబడేది. ఆ తెలుపు పాలిపోయిందనేది, ఆ మూల వంకరనేది. మూల వంకర లేదు. ఆడపడుచు కొలత టేపు ఆమె చేతిలో పెట్టి తన పని తాను చూసుకునేది.

పదో రోజు పని పూర్తయింది. కొత్త ముసుగుకున్న గుండీలన్నీ వదిన చేతే పెట్టించింది. గాలికి గుడ్డ ఎగిరి వదిన గోరు విరిగింది. సాయం చేయబోయిన అన్నయ్యను చెల్లెలు కళ్లతోనే ఆపేసింది.

"తృప్తిగా ఉందా?" అంది వదిన రొప్పుతూ.

"ఉంది."

"ఇంక నా బోటు ఎక్కకు."

"పిలవకు."

ఆడపడుచు సంచీ భుజాన వేసుకుంది. రేవుకు దిగే చెక్క బాగా ఏటవాలుగా ఉంది. అన్నయ్య ముందు దిగి భుజం ఇచ్చాడు. ఆమె దాని మీద చెయ్యి వేసి, నొప్పికాలు ఆచితూచి మోపుతూ దిగింది.