దిమిత్రి పండగనాడు కుక్క పెంట

తొమ్మిదేళ్ళుగా మా ఆయన స్రేతెన్ పొద్దున్న ఆరింటికి లేచి చేసే మొదటి పని కుక్క పెంట ఎత్తడం. మొహం కడుక్కోవడం రెండోది. కాఫీ మూడోది. నేనెన్నోదాన్నో ఎప్పుడూ అడగలేదు.

మాకు రెండు కుక్కలు. గారోవ్ నల్లవాడు, దూడంత ఉంటాడు, మర్యాదస్థుడు. రోజూ బావి వెనక ఒకే చోట కూర్చుంటాడు. జూచా పసుపుది. దానికి కుదురు లేదు, నడుస్తూ నడుస్తూ పని కానిస్తుంది. ఒక్కసారికి నాలుగైదు చోట్ల. మా బానాత్ సీమ పల్లెల్లో వాకిళ్ళు పొడుగు. గేటు నుంచి మొక్కజొన్న గాదె దాకా నడిస్తే ఒక సిగరెట్టు అయిపోతుంది. ఆ పొడుగంతా స్రేతెన్ ఒక చేత్తో పార, ఒక చేత్తో బకెట్ పట్టుకుని, తల వంచుకుని వెతుక్కుంటూ తిరుగుతాడు. అంతా అయ్యాక గేటు దగ్గర నిలబడి, వీధి అవతలికి వినబడేలా కుక్కతో మాట్లాడతాడు.

"చూశావా గారోవ్, ఎంత శుభ్రంగా ఉందో! చెప్పుల్లేకుండా నడవచ్చు! ఎవరైనా నడవచ్చు!"

గారోవ్ ఎప్పుడూ ఏమీ అనలేదు. వీధి అవతలి ఇంటి అటక కిటికీ కూడా ఏమీ అనలేదు. ఆ కిటికీ మా మరిది తిహోమిర్‌ది.

మాలో ఇంటింటికీ ఇలవేల్పులా ఒక పునీతుడు ఉంటాడు, మా ఇంటి పునీతుడు దిమిత్రి. నవంబరు ఎనిమిదిన ఆయన పండగ. ఆరోజు కొవ్వొత్తి వెలిగించి, పండగ రొట్టె పట్టుకుని తిప్పి, కోసి, వచ్చినవాళ్ళకు పెడతాం. అన్నదమ్ములిద్దరూ వేరుపడ్డా కొవ్వొత్తి మాత్రం వాళ్ళ నాన్న ఇంట్లో, అంటే మా ఇంట్లో, ఒక్కటే. ఇంకో సంగతి, ఈ పండక్కి ఎవరినీ పిలవకూడదు. తోడబుట్టినవాణ్ణయినా సరే. గేటు తీసి పెట్టడం వరకే ఇంటివాళ్ళ పని, రావలసినవాళ్ళు వాళ్ళే వస్తారు. పిలిస్తే పునీతుణ్ణి తక్కువ చేసినట్టు.

తొమ్మిదేళ్ళ కిందట ఇదే పండక్కి తిహోమిర్ తనకు కాబోయే అత్తమామల్ని వెంటబెట్టుకొచ్చాడు. నోవీ సాద్ నగరం వాళ్ళు. ఆయనకు టై, ఆవిడకు టోపీ. మావాడు లేత గోధుమరంగు కొత్త బూట్లు వేసుకున్నాడు. నవంబరులో మా వాకిట్లో అక్రోటు ఆకులు చీలమండల దాకా పడి ఉంటాయి. వాటి కింద ఏముందో పైకి తెలియదు. అప్పట్లో జూచా వాళ్ళమ్మ ఉండేది. ఆ నడక బుద్ధి దానికి తల్లి నుంచే వచ్చింది. తిహోమిర్ కాలు జారింది, మామగారి టై దొరకబుచ్చుకున్నాడు, ఇద్దరూ కలిసి ఆకుల్లో కూర్చున్నారు.

స్రేతెన్ పరుగెత్తి లేవదీశాడు. నేను నవ్వాను.

నవ్వంటే ఏదో కొంచెం అనుకునేరు. బావి గట్టు మీద కూలబడి, ఏప్రను మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాను. అక్కడితో ఆపానా? నా నోరు ఊరుకునే రకం కాదు. "చూడండి చూడండి, పెళ్ళికొడుకు అత్తరు పూసుకొచ్చాడు!" అన్నాను. వాకిలి నిండా జనం. వాళ్ళూ నవ్వారు. తిహోమిర్ జేబురుమాలుతో బూటు తుడుచుకున్నాడు. గేటు దాటి వెళ్ళిపోయాడు. మళ్ళీ లోపలికి రాలేదు.

అలాగని మాటలు లేవనుకోకండి. ట్రాక్టరు ట్రాలీ కావాలంటే వస్తాడు, గేటు బయట నిలబడి అడుగుతాడు. మా ఆయనకు కిడ్నీలో రాయి వచ్చినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ వాడే, తెచ్చిందీ వాడే. గేటు దగ్గర దించి వెళ్ళిపోయాడు. స్రేతెన్ గేటు నుంచి గోడ పట్టుకుని లోపలికొచ్చాడు.

వాకిలి మురికిగా ఉండబట్టే తమ్ముడు రావడం లేదని మా ఆయన తేల్చేసుకున్నాడు. తమ్ముణ్ణి అడగలేదు. అడిగితే అది రమ్మన్నట్టు అవుతుందట. మర్నాటి నుంచే పార పట్టాడు. నాకు మాత్రం మొదటి రోజే తెలుసు. వాడు వెళ్ళిపోయింది పెంట చూసి కాదు, నన్ను చూసి. ఆ మాట మా ఆయనతో అంటే, "అయితే వెళ్ళి క్షమించమని అడుగు" అంటాడు. అందుకే అనలేదు. పైగా పార ముట్టుకోనని భీష్మించుకున్నాను. "కుక్కలు నీవి, తమ్ముడు నీవాడు, నీ తంటాలు నువ్వు పడు" అనేదాన్ని. తొమ్మిదేళ్ళు అలా అంటూనే ఉన్నాను. సిగ్గు లేకపోతే ఎన్నేళ్ళయినా అనొచ్చు.

ఈ ఏడాది పండగనాడు ఆరింటికి స్రేతెన్ మామూలుగా బయటికెళ్ళాడు. రాత్రి గాలికి అక్రోటు చెట్టు పూర్తిగా దులిపేసుకుంది. మొదటి ఆకుల కుప్ప దగ్గర వంగాడు. నడుము పట్టేసింది. వంగినవాడు వంగినట్టే, నేల చూపులు చూస్తూ వంటింట్లోకి వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్నావు?" అన్నాను.

"రాదోయ్కా, నన్ను మంచం దాకా పట్టుకెళ్ళు."

పట్టుకెళ్ళి పడుకోబెట్టాను. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. అరగంటకు మొదలుపెట్టాడు.

"ఒక్కసారి రాదోయ్కా. ఈ ఒక్కసారికి నువ్వు తీసెయ్. వాడు కిటికీలోంచి చూస్తుంటాడు."

"పొయ్యి మీద మాంసం కూరిన క్యాబేజీ ఆకుల చుట్టలున్నాయి. అరవై మందికి సరిపడా వండాను. పెంట చేత్తో వాటిని ముట్టుకోమంటావా?"

"చేతులు కడుక్కోవచ్చు."

"నువ్వు తొమ్మిదేళ్ళు ఎత్తావు. వచ్చాడా?"

గోడవైపు తిరిగాడు. తిరగడానికి కూడా చాలాసేపు పట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు గానీ, గిన్నెలన్నీ గట్టిగా పెట్టాను.

ఎనిమిదింటికి తోడికోడలు దోబ్రిలా వచ్చింది. ఆమె మా ఇంటికి మామూలుగానే వస్తుంది. జారిన రోజు వాళ్ళమ్మానాన్నలే వచ్చారు గానీ తను లేదు, ఏనాడూ పట్టించుకోలేదు. పొడి చక్కెర అయిపోయిందని అడగడానికొచ్చింది. గోధుమలు ఉడకబెట్టి చక్కెర వేసి పండగనాడు ముందుగా అందరికీ చెంచాడు పెడతాం. వాళ్ళింట్లో కొవ్వొత్తి లేదు, పండగ లేదు, గోధుమలు మాత్రం ఎందుకు?

"ఎవరికోసం చేస్తున్నావే?" అన్నాను.

"తనకోసమే అక్కా. ఏటా చేయమంటాడు. ఒక చెంచా తింటాడు." ఖాళీ డబ్బా చేతిలో తిప్పుతూ నిలబడింది. "ఆరింటి నుంచి తెల్ల చొక్కా తొడుగుతాడు, విప్పుతాడు. కిటికీలోంచి మీ వాకిలి చూస్తాడు. మళ్ళీ తొడుగుతాడు."

"ఇవాళేనా?"

"ప్రతి ఏడాదీ. చివరికి ఆ చొక్కాతోనే బల్ల దగ్గర కూర్చుంటాడు. పొద్దుగూకేదాకా. టీవీ పెట్టనివ్వడు. మీ ఇంట్లోకి ఎవరెవరు వెళ్తున్నారో లెక్కపెడతాడు. ఏమయ్యా అంటే, ఏం లేదే, పండగ కదా, అంటాడు."

చక్కెర ఇచ్చి పంపించాను. పొయ్యి దగ్గర నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. ఒకడేమో తొమ్మిదేళ్ళు వంగి వంగి నడుం పోగొట్టుకున్నాడు. ఇంకొకడు తొమ్మిది పండగలు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒంటరిగా కూర్చున్నాడు. ఇద్దరినీ కన్న మా అత్తగారు బతికి ఉంటే నన్నే ఆ పారతో ఎత్తి పారేసేది. మంట తగ్గించాను. పండగ గౌను మీదే స్రేతెన్ రబ్బరు బూట్లు వేసుకుని బయటికెళ్ళాను.

నాకు పని రాదని తెలిసింది. ఆకులూ అదే రంగు, అదీ అదే రంగు. ఆకులు ఊడ్చే పళ్ళకర్రతో లాగితే అది సాగుతుంది, లాగకపోతే కనబడదు. జూచా నా వెనకే వచ్చి, నేనేం వెతుకుతున్నానో తనూ వెతికింది. పావుగంటకు బకెట్లో ఆకులే ఉన్నాయి.

"బావి వెనక" అని వినబడింది.

తల ఎత్తాను. తిహోమిర్ గేటు బయట నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. రెండు బూట్లూ వీధిలోనే ఉన్నాయి, గీత గీసినట్టు.

"బావి వెనక చూడు వదినా. నల్లకుక్క అక్కడే వెళ్తుంది."

చూశాను. ఉంది. ఎత్తాను.

"పసుపుది గాదె నుంచి మొదలెడుతుంది. అక్కడి నుంచి చెట్టు వైపు. నాలుగడుగులకొకటి."

నాలుగడుగులకొకటి చొప్పున ఎత్తాను. ఐదోది దొరకలేదు.

"ఎడం పక్క. ఇంకా. ఇంకా. అదుగో, నీ బూటు కింద."

మామూలుగా అయితే నా నోటికి ఎన్ని మాటలు వచ్చేవో! బూటు గడ్డికి రాసుకున్నాను. ఇలా ఒకడు మేస్త్రీలా నిలబడి పని చెప్పడం, నేను చేయడం, పావుగంట గడిచింది. మా వీధి వీధంతా కర్టెన్లు పక్కకు జరిగాయి. చివరికి పార నేలకు ఆనించి నిలబడ్డాను.

"తిహోమిర్, ఆరోజు నవ్వింది నేను."

"తెలుసు."

"ఆ మాట అన్నదీ నేనే."

"అది కూడా విన్నాను వదినా. జారింది కాలు, చెవులు బాగానే ఉన్నాయి."

"తప్పయింది. తొమ్మిదేళ్ళ నుంచీ తప్పే. చెప్పడానికి మొహం చెల్లక చెప్పలేదు."

"మా అన్న రోజూ ఎత్తుతుంటే చూసేవాణ్ణి" అన్నాడు. "నవ్వింది వాడు కాదు కదా, వాడెందుకు ఎత్తుతున్నాడా అనుకునేవాణ్ణి. రోజూ పొద్దున్నే అదే అనుకునేవాణ్ణి. ఇవాళ వాడు వెంటనే లోపలికెళ్ళిపోయాడు, మళ్ళీ కనబడలేదు. ఏమయిందోనని కిందికి దిగి వచ్చాను. వాడికి బాగానే ఉందా?"

"నడుం పట్టేసింది. అంతే."

"అంతేనా?" అన్నాడు. గేటు ఊచ పట్టుకున్నాడు. బూట్లు మాత్రం కదల్లేదు.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. వాణ్ణి చెయ్యి పట్టి లాక్కురావాలనిపించింది. "లోపలికి రా" అనేశాను.

వాడు అడ్డంగా తల ఊపాడు. "ఇవాళ పిలవకూడదు వదినా. పండగ. మా నాన్న కూడా ఎవరినీ పిలవలేదు."

ఓరి దేవుడా, వీళ్ళ వంశం! వస్తే బాగుండునని చొక్కా వేసుకుంటాడు, రమ్మంటే పిలవకూడదంటాడు. పిలవకుండా ఉంటే ఇంకో తొమ్మిదేళ్ళు అక్కడే నిలబడతాడు. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"పండక్కి నిన్నెవరు పిలిచారు?" అని అరిచాను. "పెంట ఎత్తడానికి పిలిచాను! ఇంకా సగం వాకిలుంది, తొమ్మిదిన్నరకు జనం వస్తారు, ఎక్కడెక్కడ ఉందో నీకే తెలుసు. రెండో పార గాదె పక్కనుంది. వస్తే రా, లేకపోతే ఆ కిటికీ దగ్గరికే పో!"

తిహోమిర్ ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, నుదురు ముడుచుకుని, ఊళ్ళో పెద్దలు న్యాయం చెప్పేటప్పుడు ఆలోచించినట్టు.

"దానికైతే పిలవచ్చు" అన్నాడు.

గేటు దాటాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ గాదె దగ్గరికి నడిచి పార తీసుకున్నాడు. ఒక్కసారి కూడా కింద చూడలేదు. ఎక్కడ అడుగు వేయకూడదో వాడికి కంఠతా వచ్చు. పావుగంటలో మిగతా వాకిలంతా తీసేశాడు. నేను బకెట్ పట్టుకుని వెనక నడిచాను. కుళాయి దగ్గర వాడి చేతుల మీద నీళ్ళు పోశాను, సబ్బు ఇచ్చాను, మళ్ళీ పోశాను.

అప్పుడే పక్కింటి పెర్సిదా గేట్లోకి వచ్చింది. చేతిలో సీసా, కాగితంలో చుట్టిన పువ్వులు. ఊరందరికంటే ముందు రావడం ఆమెకు అలవాటు. తిహోమిర్‌ని చూసి అక్కడే ఆగిపోయింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

తిహోమిర్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఎదురెళ్ళాడు. ఇంటి మగవాళ్ళు పండగనాడు ఎలా ఎదురెళ్తారో అలాగే.

"రండి పెర్సిదా పిన్నీ, రండి" అన్నాడు. "కాస్త చూసుకుని నడవండి. మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి."

మా ఇంట్లో, అన్నాడు. స్రేతెన్‌కు చెప్దామని లోపలికి పరుగెత్తాను. చెప్పనవసరం లేకపోయింది. పడకగది కిటికీ తెరిచే ఉంది. మా ఆయన గోడవైపు తిరిగి పడుకుని, పండగ కోసం మార్చిన దిండు గలీబును తడిపేస్తున్నాడు.