ప్రొఫెసరు గారి గొడుగు

నేను ఒక గొడుగుని. నల్లదాన్ని, పొడుగు పిడిదాన్ని. బట్ట ఒక ఊళ్లో నేశారు, ఊచలు ఇంకో ఊళ్లో వంచారు, పేరు మాత్రం తెలుగు శాఖ ప్రొఫెసర్ రామభద్రయ్య గారిది. అన్యాయం అక్కడే మొదలైంది. ఆయన నన్ను కొననూ లేదు, మొయ్యనూ లేదు! కొన్నవాడు ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరిన ఓ బక్క కుర్రాడు. వాడు పోతూ పోతూ తర్వాతవాడికి అంటగట్టాడు. అలా చేతులు మారి ఇప్పటి శిష్యురాలు పైడితల్లి చేతికొచ్చాను. నా నీడ ఆయన నెత్తికి, వాన నన్ను పట్టుకున్నవాళ్లకి.

"ఛాత్రుడంటే ఏమిటనుకున్నావమ్మా?" అనేవారాయన కారు దిగుతూ. "ఛత్రమంటే గొడుగు. గురువుకి గొడుగు పట్టి సేవ చేసేవాడే ఛాత్రుడు, అంటే విద్యార్థి. మాట పుట్టుకే అది."

మాట అక్కడ పుట్టిందని మనిషి అక్కడే పడుండాలా? ఈ పండితులకి పాత మాట దొరికితే చాలు, కొత్త చాకిరీ పుట్టిస్తారు. పైడితల్లి థీసిస్ ఏడాదిగా ఆయన సంతకం కోసం పడుంది. అడిగితే "చూద్దాంలేమ్మా". చివరికి గడువు రోజొచ్చింది, సాయంత్రంలోగా ఆఫీసులో ఇవ్వకపోతే ఆమె చదువంతా బూడిదే.

ఆ రోజే ఆయనకి సన్మానం. పట్టుపంచె, జరీ కండువా. వరండాలోకొచ్చేసరికి కుండపోత. ఎదుటి హాల్లోంచి మైకు ఆయన పేరు పిలుస్తోంది.

"ఏమ్మా, గొడుగు!"

పైడితల్లి నన్ను గోడకానించి థీసిస్ చాపింది. "సంతకం సార్."

"ఇప్పుడా? శిష్యధర్మం మరిచిపోయావా?"

"మీరు గురుధర్మం మరిచి ఏడాదైంది సార్. నేనేమన్నా అన్నానా?"

వెనకున్న విద్యార్థులు కిసుక్కుమన్నారు.

"ఒరేయ్ జగ్గునాయుడూ, నువ్వు పట్టరా!"

"చెయ్యి నొప్పండి సార్," అన్నాడు జగ్గునాయుడు, రెండు చేతులూ జేబుల్లో దోపుకుని.

రోషమొచ్చి ఆయనే నన్ను లాక్కున్నారు. పట్టీ విప్పకుండా గుంజారు. తలకిందులు చేసి దులిపారు. గొడుగు మీద గంటసేపు ఉపన్యాసం దంచే మనిషికి గొడుగు తెరవడం రాదు! నేనూ బిగుసుకు కూర్చున్నాను. ఎందుకు సాయం చెయ్యాలి?

మైకు మళ్లీ పిలిచింది. ఆయన పట్టుపంచె వంక చూసుకున్నారు, వాన వంక చూశారు.

"ఏదీ, పెన్నివ్వు."

పైడితల్లి పేజీ పేజీ తిప్పి సంతకాలన్నీ పెట్టించింది. థీసిస్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టింది. నన్ను టప్పున తెరిచి, పిడి ఆయన చేతిలోనే పెట్టింది. "గట్టిగా పట్టుకోండి సార్, గాలుంది."

సంచి గుండెలకదుముకుని వానలోకి దూకింది. ఆమె ఆఫీసు మెట్లెక్కుతుంటే వరండా అంతా ఈలలు, కేకలు. అసలు సన్మానం ఎవరికి జరిగిందో నాకు తెలిసిపోయింది!

ఆమె ఇప్పుడు డాక్టర్ పైడితల్లి. ఆ శాఖలో ఎవరి గొడుగు వాళ్లే పడుతున్నారు. ప్రొఫెసరు గారికి నన్ను తెరవడం వచ్చేసింది. ముయ్యడం ఇంకా నేర్చుకుంటున్నారు.