గోలి మింగేదాంక ఊకోని కోడి

తాండూరుల తెల్లారిందంటే ముందుగాల బండల లారీలు కదిలేటివి. వాటి ఎనుక దుమ్ము లేసేది. ఆ దుమ్ము ఎనుక మత్తయ్య మందుల దుకాణం షట్టరు లేసేది. మత్తయ్య గడప ముంగట నీళ్లు చల్లి, మట్టి రంజన్ల నీళ్లు నింపి, దాని మీద స్టీలు గ్లాసు బోర్లించి, జేబుల నల్ల పెన్ను ఉన్నదో లేదో తడుముకునేటోడు. పెన్ను లేని రోజు దుకాణం తెరిచినట్టే కాదని ఆయన లెక్క.

దుకాణం అన్నరు గాని అది సగం దుకాణం, సగం పంచాయితి. చీటీ అందుకోంగనే మందిచ్చే రకం కాదు మత్తయ్య. పొద్దుగాల ఏం తిన్నవ్, నిన్న రాత్రి నిద్ర పట్టిందా, కొడుకు ఫోన్ చేస్తుండా, అల్లునితోని మాట కలిసిందా, అన్నీ అడిగేటోడు. చెప్పకపోతే తిట్టేటోడు. చెప్తే ఇంకింత తిట్టేటోడు. ఎనుక లైన్ల నిలబడ్డోళ్లు, నీ కవరు చేతికొచ్చే వరకు రోగం దానంతట అదే తగ్గేటట్టున్నదని గులిగేటోళ్లు. గులిగినోళ్లే మల్ల వచ్చేటోళ్లు. మొదటి గోలి మాత్రం ఆయన కండ్ల ముంగటనే, ఆ రంజన్ నీళ్లతోనే మింగాలె. అట్ల మింగకుండ ఆ గడప దిగినోడు లేడు.

తిట్టుకుంటనే కవరు మీద కోళ్లు గీసేటోడు. మెడ నిక్కి నిలబడ్డ పుంజు పొద్దటి గోలికి, గొడుగు కింద ఉన్నది పగటి గోలికి, కండ్లు మూసుకున్నది రాత్రి గోలికి. అన్నానికి ముందు ఏసుకునే గోలైతే పుంజు ముంగట చిన్న పళ్లెం గీసేటోడు. గోలి యాళ్లకు ఆ పుంజు కూసేది. గోలి మింగేదాంక ఊకునేది కాదు. మింగినట్టు నటిస్తే ఇంకింత గట్టిగ కూసేది. రాత్రి పుంజు జర మర్యాద తెల్సింది, పక్కింటోళ్లు లేవకుండ చిన్న గొంతుతోని కూసేది.

ఓసారి బషీరాబాద్ బస్సుల నాగరాణి సంచిల నుంచి కోడి కూసింది. కండక్టరు విజయ్‌కుమార్ వచ్చి, ఆడోళ్లకు ఫ్రీ గాని కోడికి టికెట్ కొనాలె అన్నడు. నాగరాణి సంచి బోర్లిస్తే ఉల్లిగడ్డలు, ఆధార్ కార్డు, కవరు పడ్డయి. మత్తయ్య కోడా, ముందుగాల చెప్పొద్దా అని ఆయన బస్సు పక్కకు ఆపిచ్చి, తన సీసల నీళ్లు ఇచ్చి, ఆమె మింగేదాంక అక్కడనే నిలబడ్డడు.

దోమ ఊరి యాదగిరి సంగతి ఇంకా మజా. కొడుకు నవీన్‌కు పిల్లను చూడబోయిండు. తనకు బీపీ ఉన్న సంగతి పిల్ల దిక్కోళ్లకు చెప్పొద్దని ఇంట్ల ఒట్టు పెట్టించిండు. చాయ్ కప్పులు చేతికి రాంగనే ఆయన జేబుల కోడి మొదలువెట్టింది. ఆయన దగ్గుకుంట దాన్ని దాచబోతుంటే, పిల్ల తండ్రి జేబుల నుంచి ఇంకో కోడి జవాబిచ్చింది. ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఒక్క గ్లాసుల నీళ్లు చెరి సగం తాగిన్రు. ఆ సంబంధం కుదిరింది.

మత్తయ్యది బంట్వారం. తల్లి పొలాలల్ల కైకిలి కూలికి పోయేది, గడియారం చూడరాదు, కోడి కూస్తే లేసేది. ఆమెకు దగ్గు ముదిరితే వికారాబాద్ గుట్టల మీది దవాఖానల చూపిచ్చిన్రు. నెలల తరబడి గోలీలేసుకోవాలె అన్నరు. దగ్గు తగ్గంగనే ఇగ నాకేం రోగమని ఆమె గోలీలు బంజేసింది. దగ్గు మల్ల వచ్చింది, తల్లిని తీసుకపోయింది. ఆ గోలీలు అటక మీద అట్లనే మిగిలినయి. మత్తయ్య వాటిని చూసి ఏడ్చిండు, పట్నం పోయి మందుల చదువు చదివిండు, వచ్చి తాండూరుల దుకాణం పెట్టిండు. అప్పటి నుంచి ఎవరన్న గోలి మరిచిపోయిన్రంటే ఆయనకు కోపం కాదు, భయం అయ్యేది.

మందికి గింత చేసినోడు ఇంటికేం చేసిండు అంటే, అది గూడ చెప్పాలె. పగటీలి ఎంత గిరాకి ఉన్నా షట్టరు సగం దించి ఇంటికి పోయేటోడు. పెండ్లాం భీమమ్మకు షుగరు. ఆమె ముంగట పళ్లెం పెట్టంగనే జేబులకెళ్లి గోలి తీసి ఆమె అరచేతిల పెట్టి, "ఇగో, ఏస్కో" అనేటోడు. పొద్దున గదే, రాత్రి గదే. చుట్టాలింట్ల పెండ్లికి పోయినా, బంతిల ఆడోళ్ల దిక్కు పోయి గోలి పెట్టి వచ్చేటోడు. బిడ్డ నిరోషా చిన్నప్పుడు ఒకసారి, ఊరందరికి కోడి గీస్తవ్, అమ్మకెందుకు గియ్యవ్ నాయినా అని అడిగింది.

"మీ అమ్మకు కోడెందుకే? నేన్లేనా," అన్నడు మత్తయ్య.

గొప్ప గొప్పోళ్లు గూడ ఒక్కొక్క కాడ గిట్లనే తప్పు చేస్తరు. ఈ ఎండాకాలం ఒక పగటీలి, నాగరాణి కవరు మీద పుంజు గీసుకుంట, తోక దగ్గరికి వచ్చినంక మత్తయ్య అల్మారకు ఒరిగిండు. మల్ల లేవలే. పెన్ను చేతిలనే ఉన్నది. ఆ తోక లేని పుంజు ఇప్పటికి కూస్తనే ఉన్నది, తోక లేనందుకు జర ముంగటికి తూలుకుంట కూస్తదని నాగరాణి అంటది.

సమాధి కాడ గూడ ఆయన మందిని వదలలే. పెట్టె దించే యాళ్లకు మిట్ట మధ్యాహ్నమైంది. జేబులల్ల, కొంగులల్ల, సంచులల్ల ఉన్న కోళ్లన్ని ఒక్కసారే లేసినయి. పాస్టరు బాల్‌రాజ్ ప్రార్థన ఆపి, అందరు గోలీలేసుకోండ్రి, మత్తయ్య ఎదురుచూస్తుండు అన్నడు. నీళ్ల సీసలు చేతులు మారినయి. అందరు మింగినంకనే మన్ను పోసిన్రు.

దుకాణంల నిరోషా కూసున్నది. మందుల చదువు తండ్రి కంటె ఎక్కువనే చదివింది. కాని బొమ్మలు గియ్యరాదు. ఎందుకొచ్చిన తిప్పలని తండ్రి గీసిన పుంజును చూపించి రబ్బరు ముద్ర చేపిచ్చింది. కవరు మీద ఠప్పున ఒకటి కొట్టి ఇచ్చేది. లైను చకచక కదిలేది. ఎవ్వరు ఏం తిన్నరో అడిగే పని లేదు. పుంజు అచ్చం మత్తయ్య పుంజే. కాని కుయ్యదు. బిడ్డా, నీ కోడి మూగది అని జనం కవర్లు ఎనుకకు తెచ్చిన్రు. పాత కవర్లలనే కొత్త గోలీలు నింపుకుని పోయిన్రు. బషీరాబాద్ జంగప్ప తన కవరు చిరుగుతదని లామినేషన్ చేపిచ్చిండు. అప్పటి నుంచి దాని కోడిది జలుబు చేసిన గొంతైంది.

ఆ ఫికర్ ఒక దిక్కు. అంతకంటె పెద్ద ఫికర్ ఇంట్ల. భీమమ్మ షుగరు పెరుగుతనే ఉన్నది. కాలి వేలికి తాకిన చిన్న దెబ్బ మానక పుండైంది. కొడుకు ఇమ్మానుయేలుకు వికారాబాద్‌లనే నౌకరి, అక్కడి డాక్టరు కాడికి తీసుకపోయిండు. షుగరు గిట్లనే ఉంటే కాలు దక్కదని డాక్టరు మొఖం మీదనే చెప్పిండు. గోలి ఏసుకుంటున్నవా అంటే భీమమ్మ ఏసుకుంటున్న అన్నది. గోలి మార్చిన్రు. షుగరు మారలే. నిరోషా తండ్రి లెక్కనే కవరు ఇచ్చింది, ముద్ర గూడ కొట్టింది. ఇమ్మానుయేలు ఫోన్ల అలారం పెట్టిండు. భీమమ్మ ఆ అలారం సంగీతం బాగున్నదని ఆఖరుదాంక విని, మెల్లగ బంజేసేది.

వానలు మొదలైనంక మత్తయ్య జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నరు. బంట్వారం, బషీరాబాద్, దోమ నుంచి మంది దిగిన్రు. వాకిట్ల షామియానా, పొయ్యి మీద కందిపప్పు. తాలింపుకు నిరోషా ఎండు మిరపకాయల డబ్బ దించి చెయ్యి పెట్టింది. చేతికి మిరపకాయల కంటె గోలీలు ఎక్కువ తాకినయి. తండ్రి పోయినప్పటి నుంచి తల్లికి ఇచ్చిన గోలీలన్ని అందులనే ఉన్నయి. మందును పారేస్తే పాపమని భీమమ్మ దాచింది, మింగబుద్ధి కాక మింగలే.

నిరోషా డబ్బ ఒళ్లె పెట్టుకుని వంటింట్లనే కూలబడ్డది. అటక మీద మిగిలిన నాయినమ్మ గోలీల ముచ్చట తండ్రి నోట ఎన్నిసార్లు విన్నదో. ముద్ర దుకాణంల ఉన్నది. ఒక ఖాళీ కవరు దొరికింది, తండ్రి నల్ల పెన్ను దొరికింది. డాక్టరు మార్చిచ్చిన గోలీలు ఏరి అందుల ఏసి, ఏడ్సుకుంట, తల్లిని తిట్టుకుంట పుంజును గియ్యబట్టింది. పొద్దుగాల ఏమన్న తిన్నవా, రాత్రి పండుకున్నవా, నీ కాలు పోతే నేనెవరి కాళ్లు పట్టుకుని ఏడ్వాలె, నాయిన పోయిండు, నువ్వు గూడ పోతనంటే మేమేం గావాలె అనుకుంట రెక్కలు గీసింది. మెడ పొట్టిగైంది. ముక్కు అప్పడం కర్ర లెక్క వచ్చింది. ముంగట పళ్లెం గీసింది. అది పుంజు కాదు, బాతు అయింది. పోయి తల్లి నడుముకున్న బొడ్లె సంచిల కవరు దోపింది.

"అమ్మా, గోలి ఏసుకున్నవా?" అని అడిగింది.

"ఏసుకున్న," అన్నది భీమమ్మ, మొఖం అటు తిప్పుకుని.

ప్రార్థన అయింది, సాక్ష్యాలైనయి. యాదగిరి, మత్తయ్య లేకపోతే నా కొడుకు పెండ్లి కాకపోతుండె అని ఏడ్చిండు. ఎనుక కూసున్న కోడలు అమూల్య నవ్వింది. అన్నాలకు బంతులు కూసున్నయి. తల్లి ముంగట పళ్లెం పెట్టుకుంట ఇమ్మానుయేలు గూడ గోలి సంగతి అడిగిండు.

"ఏసుకున్ననంటి గద, ఎన్నిసార్లు చెప్పాలె," అన్నది.

పాస్టరు బాల్‌రాజ్ అన్నం మీద ఆశీర్వాదం చెప్పి, కండ్లు తెరిచి, పక్కనే ఉన్న భీమమ్మను చూసిండు. మత్తయ్య ఈ యాళ్లకు జేబులకెళ్లి గోలి తీసేటోడని ఆయనకు యాదికొచ్చింది.

"గోలి ఏసుకున్నవా తల్లీ?"

"ఏసుకున్న పాస్టరయ్యా. దేవుని తోడు."

కోడి కూసింది.

అది సగం కోడి, సగం బాతు. అట్లాంటి గొంతు ఎవ్వరు ఎన్నడు వినలే. మందంత ఎవరి జేబులు వాళ్లు తడుముకున్నరు. జంగప్ప కన్నడంల నందల్ల, నందల్ల, నాది కాదు అని చేతులూపిండు, తన కోడిది జలుబు గొంతని అందరికి తెల్సు. మూడుసార్లు బొంకినంక కోడి కూసిన బైబిల్ ముచ్చట యాదికొచ్చి చర్చికి పోయేటోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. పాస్టరు నవ్వాపుకోనీకి తల వంచుకున్నడు. అది మల్ల కూసింది, భీమమ్మ బొడ్లెకెళ్లి.

భీమమ్మ కవరు బయటికి తీసింది. పొట్టి మెడ, అప్పడం కర్ర ముక్కు, వంకర పళ్లెం. పెండ్లైనప్పటి నుంచి ఆమె పేరు మీద ఒక్క కోడి గూడ లేకుండె. దాన్ని చూసుకుంట ఆమె ఏడ్చింది.

"మీ నాయిన చేతికెళ్లి రాని గోలి నాకెందుకే," అన్నది.

నిరోషా వచ్చి పక్కన కూసున్నది. కవర్లకెళ్లి గోలి తీసి, తల్లి అరచేతిల పెట్టింది.

"నేన్లేనా అమ్మా. ఇగో, ఏస్కో."

నీళ్ల గ్లాసు చేతులు మారుకుంట వచ్చింది. కోడి కూస్తనే ఉన్నది. భీమమ్మ గోలి నోట్ల ఏసుకున్నది, నీళ్లు తాగింది, గొంతుల దిగేదాంక కండ్లు మూసుకున్నది. కండ్లు తెరిచి, ఆ బాతును చూసుకుంట ఆ దినం నాలుగోసారి అన్నది.

"ఏసుకున్న."

కోడి ఊకున్నది. ఇగ అందరు బువ్వ తిన్నరు.