వానల్లో అమ్ముడుపోని గొడుగులు

వెనక వరసలో నిమేష్ ఝవేరి వచ్చి కూర్చోవడం చూడగానే ప్రొఫెసర్ ధోలకియా పాఠం మొదలుపెట్టడం మానేసి కళ్లద్దాలు తుడుచుకోసాగాడు.

ఆ సాయంత్రమే అహ్మదాబాద్‌లోని ఆ బిజినెస్ స్కూల్లో నిమేష్‌కు విశిష్ట పూర్వ విద్యార్థిగా సన్మానం. గుజరాత్ నిండా కోల్డ్ స్టోరేజీలున్న మనిషి. అతిథి గదిలో హాయిగా కాళ్లు చాపుకోక, "మీ క్లాసు విని ఎన్నాళ్లయిందో సాహెబ్" అంటూ తన పాత చోటికే చేరాడు. ఇవాళ్టి పాఠమేమో అతని పాత దివాలా కథ.

కోల్డ్ స్టోరేజీలకు ముందు నిమేష్ ఖాఖ్రాల కంపెనీ పెట్టి, వానాకాలం తేమకు సరుకు మెత్తబడి నిండా మునిగాడు. కరకరలాడే ఆ పల్చటి రొట్టెల కథను పాఠంగా రాసుకోమని వివరాలన్నీ తనే ఇచ్చాడు. ఒకటే షరతు పెట్టాడు: "నేనని ఎవరికీ తెలియకూడదు సాహెబ్. మా మామగారికి అసలే తెలియకూడదు."

ఇలాంటి పాఠాల్లో పేర్లు మార్చడం మామూలే. కానీ ధోలకియా మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. పేరొక్కటే మారిస్తే చాలదనిపించి అహ్మదాబాద్‌ను కొచ్చి చేశాడు, ఖాఖ్రాలను గొడుగులు చేశాడు. అంకెల జోలికి మాత్రం పోలేదు. అంకెలు మార్చడం ఆయన దృష్టిలో పాపం. దాంతో వానాకాలం రాగానే ఆ గొడుగులు అమ్ముడుపోవడం మానేశాయి. ఏళ్ల తరబడి ఒక్క విద్యార్థీ తప్పు పట్టలేదు.

"వానల్లో గొడుగుల అమ్మకాలు ఎందుకు పడిపోయాయి?" అని అడగక తప్పలేదు ధోలకియాకు.

క్లాసులో నోరు తెరిస్తేనే మార్కులు. చేతులు లేచాయి.

"వానల్లో జనం ఇల్లు కదలరు సర్. ఇక గొడుగుతో పనేముంది?" అన్నాడు పార్థివ్.

"మరి మెత్తబడ్డాయని సరుకు వెనక్కెందుకొచ్చింది?"

"మెత్తబడటమంటే నిజంగా మెత్తబడటం కాదు సర్. అదంతా కస్టమర్ మనసులోని భావన."

రుచా అనే అమ్మాయి ఇక ఆగలేకపోయింది. "దీనికింత ఆలోచన దేనికి సర్? ఈయన మూర్ఖుడు. వానలో గొడుగు అమ్మలేనివాడు ఇంకేం అమ్ముతాడు?"

క్లాసంతా గొల్లున నవ్వింది. ధోలకియా వెనక్కి తిరగలేక బోర్డు తుడుస్తూ నిలబడ్డాడు. బోర్డు మీద ఏమీ లేదు. నిమేష్ అంటే ఆయనకు ప్రాణం. ఇప్పుడు లేచి వెళ్లిపోయాడంటే ఇక జన్మలో తన గడప తొక్కడు.

నిమేష్ లేచాడు. "ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఈయనకు ఇలాంటి క్లాసులో నేర్చుకున్నవన్నీ గుర్తున్నాయి. వానాకాలం ఒకటుంటుందని మాత్రం గుర్తు లేదు. ఇలాంటివాణ్ణి నేనైతే గుమస్తాగా కూడా పెట్టుకోను."

అయితే తన కథేనని పోల్చుకోలేదన్నమాట. ధోలకియా ఊపిరి పీల్చుకున్నాడు.

క్లాసయ్యాక వరండాలో టీ తాగుతూ నిమేష్ నెమ్మదిగా అడిగాడు. "అంతా బాగుంది గానీ, మెంతికూర గొడుగేమిటి సాహెబ్?"

ఆఖరి పేజీలో ఖాఖ్రాల రకాల పేర్లు మార్చడం ధోలకియా మర్చిపోయాడు.

"పక్క కుర్రాడి కాగితాల్లో చూశాను, జీలకర్ర గొడుగు కూడా ఉంది. మీ పిల్లలు దాన్నీ మింగేశారు," అన్నాడు నిమేష్.

"కోపం వచ్చిందా?"

"రాదా మరి? ఆ పిల్ల మూర్ఖుడన్నప్పుడు ఒళ్లు మండింది. తర్వాత హాయిగా అనిపించింది సాహెబ్. డబ్బొచ్చాక నేనేం చేసినా తెలివే అంటున్నారు అందరూ. ఇక దాచొద్దు, నా పేరే పెట్టేయండి."

"మరి మీ మామగారు?"

"ఆయనకు పెళ్లిరోజు నుంచే అనుమానం ఉంది."

సాయంత్రం శాలువా కప్పించుకుని ఆ గొడుగుల మూర్ఖుడు తనేనని మైకులో చెప్పేశాడు. రుచా తల ఎత్తితే ఒట్టు.

మరుసటి ఏడు పాఠంలోకి ఖాఖ్రాలు వచ్చాయి, నిమేష్ ఝవేరి అనే పేరూ వచ్చింది. "వానాకాలానికి ఈయన ఎందుకు సిద్ధపడలేదు?" అని ధోలకియా ఉత్సాహంగా అడిగాడు. కొత్త పిల్లలు నిటారుగా కూర్చున్నారు. గుమ్మం పక్కనే నిమేష్ ఫొటో వేలాడుతోంది.

"అది దూరదృష్టి సర్," అన్నాడొకడు. "సరుకు పాడైతేనే కదా కోల్డ్ స్టోరేజీ విలువ తెలిసేది."

అందరూ తలలూపి రాసుకున్నారు.

ఇంటికి వెళ్లగానే ధోలకియా ఫోన్ చేశాడు. "నిమేష్, నీ పేరు తీసేస్తున్నాను. మళ్లీ గొడుగులే."

"ఏం సాహెబ్, పిల్లలు మరీ తిట్టారా?"

"ఒక్కడూ తిట్టలేదు."

"అయితే గొడుగులే ఉంచండి," అన్నాడు నిమేష్. "మెంతికూర కూడా ఉండనివ్వండి. ఎవరో ఒకరు అడక్కపోతారా?"