కళ్లంలో తిరిగిన బస్సు

ఇలా జరుగు ప్రీతీ, ఆ టీవీ గొంతు కాస్త తగ్గించి ఈ అవ్వ పక్కన కూచో. మీ అక్క మోహనప్రియ పైచదువుకు ఎలా పోయిందో నీకు తెలియదు. అప్పటికి నువ్వు పాకే పిల్లవి, కనిపించిన మట్టినల్లా నోట్లో పెట్టుకునేదానివి.

అప్పుడు మన ఊరికి బస్సు లేదు. బడి ఉన్న మారండహళ్ళికి పోయే రోడ్డు ఎక్కాలంటే నాలుగు మైళ్లు నడక, నడుమ వాగు. మీ అక్క పది దాకా అలా నడిచే చదివింది. పదిలో ఐదు వందలకు నాలుగు వందల పన్నెండు మార్కులు తెచ్చుకుంది. నాకు అక్షరం రాదు గానీ ఆ అంకె మాత్రం ఇప్పటికీ నోట్లోనే ఉంది. అయితే ఆ ఏడు ఏనుగులు అడవి దిగి చెరుకు తోటల్లోకి వచ్చాయి. పై తరగతి పిల్లలు ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది. మీ అమ్మ తమిళరసి తెగేసి చెప్పింది.

"బస్సు వస్తే పో. రాకుంటే చదివింది చాలు, ఇంట్లో ఉండు."

ఊరంతా కలిసి అర్జీ పెట్టాం. జూన్ నెలలో ఒక శుక్రవారం ఉత్త బస్సు వేసుకుని బస్సుల ఆఫీసరు వచ్చాడు. దారి బాగుందన్నాడు, వాగు మీది మోరీ గట్టిగా ఉందన్నాడు. ఇక బస్సు మళ్లడానికి చోటు చూపించమన్నాడు. వెనక్కి తీయకుండా ఒకే చుట్టులో తిరగాలట. తిరిగితే సోమవారం నుంచే బస్సు, లేకుంటే లేదు. బడిలో చేర్చుకునే ఆఖరి రోజు కూడా ఆ సోమవారమే. మీ అక్క నా కొంగు పట్టుకుని నిలబడింది. పదహారేళ్ల పిల్ల!

ఊళ్లో చదునైన చోటంటే రాగులు నూర్చే కళ్లం ఒక్కటే. ఇప్పుడు మిషను వచ్చింది గానీ, మా కాలంలో కోతలైతే ఊరు ఊరంతా అక్కడే. పేడతో అలికిన నేల మీద రాగి కంకులు పరిచి, కాడెడ్లకు రాతిగుండు కట్టి తిప్పేవాళ్లం. పొట్టు ఎగిరి అందరి కనుబొమలూ తెల్లబడేవి. మా మామ మారెప్ప నన్ను కొత్తకోడలినాడే ఎడ్ల వెనక నిలబెట్టాడు. మగవాళ్లు నవ్వితే, "ఆడది తోలితే గింజ రాలదా ఏమిరా?" అని వాళ్ల నోళ్లు మూయించాడు.

ఆ కళ్లం నడుమ మేటిరాయి ఉంది, చూశావు కదా. దాని చుట్టూనే ఎడ్లు తిరిగేవి. నడుమెత్తు రాయి, కింద బండలో కరుచుకుని ఉంటుంది. పెరకాలంటే వారం పడుతుంది.

డ్రైవరు వేల్మురుగన్ ఎడమ పక్కనుంచి లోపలికి వచ్చాడు. అలా వస్తే రాయి అతని కిటికీ వైపు ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. కానీ ఆ పక్క గుట్ట ఉంది కదా, బస్సు ముక్కు వెళ్లి గుట్టకు తగులుతోంది. మూడుసార్లు తిప్పి చూశాడు. మూడుసార్లూ ఆగిపోయింది. ఆఫీసరు చేతిలో కాగితం మడిచి నా వైపు చూసి అన్నాడు.

"ఎడం ఇల్లె, పాట్టి."

అరవంలో, చోటు లేదు అవ్వా అని. ఆ మాట నాకు తెలియదా? మారండహళ్ళి సంతలో అరవై ఏళ్లు బేరాలాడిన నోరు నాది! కానీ ఆ నిమిషం నా మనసంతా ఎడ్ల మీద ఉంది. ఎడమ పక్క లేదంటున్నాడనుకున్నాను.

"ఎడం లేకుంటే పాయ, కుడి లేదా? కుడిపక్క నుంచి రమ్మను!" అని అరిచాను.

మా మరిది ఈశ్వరప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం వదినా, చెవులు కూడా ఎడ్లకిచ్చినావా? చోటు లేదంటా ఉండాడు సారు!"

జనమంతా గొల్లున నవ్వారు. ముసలమ్మ ఏమందని వేల్మురుగన్ అడిగాడు. ఈశ్వరప్ప ఇంకా నవ్వుతూనే అరవంలో చెప్పాడు. అతను మాత్రం నవ్వలేదు. బస్సు దిగి కుడిపక్కకు నడిచాడు. ఆ పక్క అంచు దిగువకు వాలి ఉంటుంది, ముక్కు గాలిలోకి చాచినా అడ్డం లేదు.

"వస్తుంది పాట్టి. కానీ అప్పుడు రాయి నాకు ఆ పక్కకు పోతుంది, కనిపించదు," అన్నాడు.

"నీకు కనిపించకుంటే నాకు కనిపించదా? నేను రాయి దగ్గర నిలబడతా, నువ్వు రా."

"అత్తా, వద్దు!" అని మీ అమ్మ కేక పెట్టింది. నేను వినలేదు. రాయికి ఆనుకుని, ఎడ్లను పిలిచినట్టే పిలిచాను. "రా... రా... మెల్లగా... ఇంకా రా నాయనా..." బస్సు నా చుట్టూ తిరుగుతుంటే నేనూ దానితో పాటు తిరిగాను. చక్రం లేపిన దుమ్ము నోట్లోకి వచ్చింది. నాకూ బస్సు రేకుకూ నడుమ జానెడు. వెనక భాగం కూడా దాటేసింది. కళ్లు తుడుచుకుని చూస్తే బస్సు ముఖం మారండహళ్ళి దారికేసి ఉంది!

ఆఫీసరు నమ్మలేదు, మళ్లీ తిప్పమన్నాడు. మళ్లీ తిరిగింది. "రెండు!" అని జనం. ఇంకొకసారి అన్నాడు. "మూడు!" అని అందరికంటే పెద్దగా అరిచింది ఎవరనుకున్నావు, ఈశ్వరప్పే. ఆఫీసరు బస్సు మెట్టు మీదే కూచుని సంతకం పెట్టాడు.

మీ అమ్మ ఇంట్లోకి పోయింది. మార్కుల కాగితం తెచ్చి మీ అక్క చేతిలో పెట్టింది.

"సోమవారం నేనే వచ్చి చేర్పిస్తా. పోయి జడ గట్టిగా వేసుకో, బస్సులో గాలి కొడుతుంది," అంది.

సోమవారం పొద్దున బస్సుకు అరటికంబాలు కట్టాం, గుమ్మడికాయ కొట్టాం. పదకొండు మంది ఆడపిల్లలు ఎక్కారు. ఈశ్వరప్పకు ఎక్కడా పని లేదు, అయినా ముందుసీటులో కూచుని మారండహళ్ళి దాకా పోయి, అదే బస్సులో తిరిగి వచ్చాడు. కిటికీలోంచి మీ అక్క చెయ్యి ఊపుతూ ఉంటే, నేను కళ్లంలో నిలబడి దుమ్ము అణిగేదాకా చూస్తూ ఉండిపోయాను.

అరవం పేపర్లో నాలుగు వరుసలు వేశారట, ఈ ఊరికి బస్సు వచ్చిందని. మీ అక్క చదివి వినిపించింది. అందులో రాయి లేదు, కళ్లం లేదు, మేమెవరమూ లేము. మూడోనాటికి ఆ పేపరులో చింతపండు చుట్టి ఇచ్చారు అంగడివాళ్లు.

అందుకే నీకు చెబుతున్నాను తల్లీ. మనసులో పెట్టుకో. ఆ బస్సు ఎక్కే పిల్లలకు చెప్పు, రేపు నీ కడుపున పుట్టేవాళ్లకూ చెప్పు. ఒక్కటి మాత్రం, ఆ రోజు మీ అమ్మ తలుపు చాటున ఏడ్చిందని ఆమె ముందు అనకు. కంట్లో పొట్టు పడిందంటుంది.