లిదియా రాయికి సున్నం

మిషన్ చర్చి వెనక, తెల్లదొరల పాత సమాధుల మధ్య నా భార్యకు నేను చెక్కిన రాయి నిలబెట్టడానికి చర్చి కమిటీ ఏడాదిపాటు ఒప్పుకోలేదు. నిలువెత్తు నల్లరాతి స్త్రీ. ముఖం ఉండాల్సిన చోట నున్నటి రాయి. హైదరాబాదు పత్రికవాళ్లు ఫోటోకు వస్తున్నారన్నాక ఒప్పుకున్నారు. పదహారేళ్లుగా బడిలో డ్రాయింగు మాస్టారుని. శిల్పిగా నాకు ఆ ఫోటోయే మొదటి గుర్తింపు.

లిదియా నర్సు. చర్ల అడవి ఊళ్లలో మలేరియా డ్యూటీకి వెళ్లి ఆ జ్వరంతోనే పోయింది. దుఃఖానికి ముఖం ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మాను కూడా.

పత్రికవాళ్లు వచ్చేది ఈస్టరు మర్నాడు. ఈస్టరు ఉదయం ఊరంతా తమవాళ్ల సమాధులు కడిగి సున్నం వేస్తారు. ఆ సంగతి తెలిసీ నాకు తట్టలేదు. నా రాయిని నేనెప్పుడూ సమాధి అనుకోలేదు.

ఆ ఉదయం నేను వెళ్లేసరికి రాయి తెల్లగా ఉంది. నున్నటి చోట నల్లరంగు కళ్లు, ఎర్రటి నోరు. లిదియా చెల్లెలు మరియ చేతిలో కుంచె ఉంది.

"ఏం చేశావు మరియా?"

"అందరికీ సున్నమేసి అక్కనొక్కదాన్నే నల్లగ ఇడుస్తమా బావా? మొఖం గూడ లేకపాయె. నేనే దిద్దిన."

పక్క వరసలో తమవాళ్ల సమాధి కడుగుతున్న జంపక్క నవ్వింది. "బడిల పిల్లలు గిట్ల సగం బొమ్మ ఏస్తే సున్న పెడ్తవు గద సారూ!"

కళ్లు వంకర. నోరు వంకర. కనుబొమ్మ కింద ఎర్రటి చిన్న గీత.

"ఇదేంది?"

"మచ్చ."

"ఏ మచ్చ?"

మరియ నా వైపు చూసింది. "నీ పెండ్లయిన ఏడాదిది. నువ్వు రాయి చెక్కుతుంటే చాయ్ తెచ్చిందంట. పెచ్చు ఎగిరి తగిలింది. నువ్వు తల ఎత్తలే. గ్లాసు ఆడ పెట్టి, దవాఖానకు పోయి మూడు కుట్లు ఏయించుకున్నది."

"నాకు చెప్పలేదే!"

"రోజూ నీ ఎదురుంగనే తిరిగె గద బావా. చెప్పుడేంది?"

నీళ్ల బకెట్ నా ముందుకు నెట్టింది. "రేపు ఫోటో అంటివి. కడుక్కో." కుంచె తీసుకుని వాళ్ల నాయన సమాధి వైపు వెళ్లింది.

సున్నం ఉత్త నీళ్లకే పోయింది. రంగుకు కిరసనాయిలు గుడ్డ కావలసి వచ్చింది. నోరు తుడిచాను. కళ్లు తుడిచాను. జంపక్క నవ్వడం మానేసింది. మచ్చ ఆఖరున పోయింది.

వెనక్కి జరిగి చూశాను. రాయి నేను కోరుకున్నట్టే ఉంది. మచ్చ ఏ కనుబొమ్మ కింద ఉండిందో అప్పటికే చెప్పలేకపోయాను. నేను పిలిస్తే పలికేంత దూరంలోనే మరియ ఉంది.

పిలవలేదు.